గ్యాస్ అని సరిపెట్టకండి, టెన్షన్ అని తీసేయకండి

మా మేనమామకు గుండెపోటు వచ్చిన రాత్రి ఆయన పెళ్లి భోజనం చేసి వచ్చి పడుకున్నాడు. ఒంటిగంట దాటాక లేచి మంచం మీద కూర్చున్నాడు. ఛాతీ మీద రోకలి అడ్డంగా పెట్టి ఎవరో నొక్కుతున్నట్టుందన్నాడు. ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు. బనీను తడిసి ముద్దయింది. మా అత్త వాము నీళ్లు కాచి ఇచ్చింది. ఫ్రిజ్‌లో ఉన్న సోడా తాగాడు. ఒక తేన్పు వచ్చింది. ఆ తేన్పుతో ఇంటిల్లిపాదికీ ధైర్యం వచ్చేసింది. "ఏం లేదురా, గ్యాసు" అన్నాడు నాతో. తెల్లారాక ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి గ్యాసుకే ఒక ఇంజెక్షన్ చేశాడు. పట్నం తీసుకెళ్లేసరికి మధ్యాహ్నమైంది. ఈసీజీ కాగితం చూసిన డాక్టరు మమ్మల్ని అడిగిన మొదటి మాట: "రాత్రంతా ఏం చేశారు?"

ఆయన బతికాడు. బతికాక ఏమైందో తర్వాత చెబుతాను. ఎందుకంటే ఆయన విషయంలో మేం చేసిన రెండో తప్పు మొదటిదానికంటే పెద్దది.

మన ఇళ్లలో రెండు మాటలు ప్రాణాలు తీస్తున్నాయి. ఒకటి గ్యాస్, రెండోది టెన్షన్. ఒంట్లో నిజంగానే జబ్బు ముదురుతుంటే టెన్షన్ అని తీసేస్తున్నాం. మనసుకు నిజంగానే జబ్బు చేస్తే గ్యాస్ అనో, నరాల బలహీనత అనో, రక్తం తక్కువనో పేరు పెట్టి ఏళ్ల తరబడి మందులు మింగిస్తున్నాం. ఒళ్లు వేరు, మనసు వేరు అనుకుని రెంటి మధ్యా గోడ కట్టుకున్నాం. ఆ గోడకు ఇవతల ఉన్న జబ్బును అవతల వెతుకుతున్నాం. ఈ పొరపాటు ప్రతి వీధిలోనూ జరుగుతోంది కాబట్టే ఈ హెచ్చరిక.

ముందు ప్రాణం మీదకు వచ్చేదాని సంగతి. ఛాతీలో బరువు, నొక్కినట్టు నొప్పి, అది దవడకో భుజానికో చేతికో వీపుకో పాకడం, చల్లటి చెమట, ఊపిరి అందకపోవడం: వీటిలో ఏది వచ్చి కొన్ని నిమిషాల్లో తగ్గకపోయినా 108కి ఫోన్ చేయండి. స్కూటరు మీద వెనక కూర్చోబెట్టుకుని వెళ్లొద్దు. తేన్పు వస్తే తగ్గిపోయిందని నమ్మొద్దు. షుగరు ఉన్నవాళ్లకూ, ఆడవాళ్లకూ, పెద్ద వయసువాళ్లకూ అసలు నొప్పే లేకుండా గుండెపోటు రావచ్చు. ఒక్కసారిగా ఒళ్లంతా నీరసపడిపోవడం, ఆయాసం, వాంతి, పొట్ట పైభాగంలో మంట మాత్రమే కనిపించవచ్చు. ఆసుపత్రికి వెళ్లిన 10 నిమిషాల్లోపు ఈసీజీ తీయాలన్నది ప్రపంచమంతా పాటించే నియమం. మొదటి ఈసీజీ బాగానే ఉన్నంత మాత్రాన గుండెపోటు కాదని తేల్చడానికి వీల్లేదు. ట్రోపోనిన్ రక్తపరీక్ష చేసి, కొన్ని గంటలాగి మళ్లీ చేసి చూడాలి. ఇది అడిగే హక్కు మీకుంది, అడగండి.

పానిక్ అటాక్‌లోనూ ఇవే లక్షణాలు ఉంటాయి. గుండె దడదడలాడుతుంది, చెమట పోస్తుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి, ఇక చచ్చిపోతాననిపిస్తుంది. సాధారణంగా పది నిమిషాల్లో తీవ్రత పతాక స్థాయికి చేరి, తర్వాత మెల్లగా దిగుతుంది. అయితే ఈ తేడా తేల్చాల్సింది ఇంట్లో మంచం పక్కన నిలబడ్డ మనం కాదు. మొదటిసారి వచ్చిన ఛాతీ నొప్పిని పానిక్ అనుకునే అధికారం ఎవరికీ లేదు. గుండె బాగుందని పరీక్షలు తేల్చాకే ఆ మాట అనాలి. తేల్చాక మాత్రం తప్పకుండా అనాలి, వైద్యమూ చేయాలి.

టెన్షన్ అనే మాట ఎక్కువగా పడేది ఆడవాళ్ల మీద. కోడలికి ఆయాసం వస్తే టెన్షన్, తల్లికి కళ్లు తిరిగితే టెన్షన్. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం లేని మనిషికి మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, గుండె దడ పుడుతుంది, ఏ పని మీదా మనసు నిలవదు. ఆమెకు కావలసింది ఐరన్. మనం ఇస్తున్నది "ఊరికే ఆలోచించకు" అన్న సలహా. థైరాయిడ్ తగ్గినా అంతే. దిగులు, మతిమరుపు, పొద్దస్తమానం నిద్రమత్తు, బరువు పెరగడం: చూడటానికి అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటుంది. బీ12 లోపం కూడా మనసును కుంగదీస్తుంది, అరికాళ్లకు తిమ్మిర్లు తెస్తుంది. దిగులుగా ఉందన్న మనిషికి ఒక్కసారైనా రక్తం, థైరాయిడ్, షుగరు, బీ12 చూడకుండా టెన్షన్ అని పంపేయడం వైద్యం కాదు.

టెన్షన్ అన్న ముద్ర పెద్ద పెద్ద వైద్యులనే దశాబ్దాలపాటు దారి తప్పించింది. కడుపులో పుండ్లు మానసిక ఒత్తిడి వల్లా, కారం తినడం వల్లా వస్తాయని వైద్యలోకం గట్టిగా నమ్మిన కాలం ఒకటుంది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే ఇద్దరు వైద్యులు 1980లలో ఆ పుండ్లలో చాలావాటికి హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా కారణమని చెబితే వినేవారు లేకపోయారు. మార్షల్ ఆ బ్యాక్టీరియాను తానే తాగి కడుపు మంట తెచ్చుకుని చూపించాడు. 2005లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది. అప్పటికి ఎంతమంది "మీరు ఆలోచనలు తగ్గించుకోవాలి" అన్న మాట వింటూ కడుపు మంటతోనే బతుకు వెళ్లదీశారో లెక్క లేదు.

అలాగని ఒత్తిడి ఒంటికేమీ చేయదనుకుంటే అది ఇంకో గోతిలో పడటం. బిడ్డ హాస్టల్‌కు వెళ్లి బెంగతో జ్వరం తెచ్చుకున్నాడంటాం. కబురు వినగానే కాళ్లూ చేతులూ చల్లబడ్డాయంటాం, గుండె జారిందంటాం, దిగులుతో చిక్కి సగమైందంటాం. ఇవన్నీ కవి సమయాలు కావు, మన పెద్దలు కళ్లారా చూసి చెప్పినవి. భయపడ్డప్పుడు అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను, కార్టిసాల్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం, బీపీ, చక్కెర పెరుగుతాయి, అరుగుదల మందగిస్తుంది. పులి ఎదురైనప్పుడు పరిగెత్తడానికి ఇది కావాలి. అప్పు తీర్చాల్సిన తేదీలు, ఇంట్లో రోజూ గొడవలు, పిల్లాడి ర్యాంకు, రాత్రి షిఫ్టులు: ఇలాంటి పులి రోజూ గుమ్మంలోనే కూర్చుంటే ఈ రసాయనాలు ఒంట్లోంచి దిగిపోవు. నెలలు గడిచేకొద్దీ రక్తనాళాలు దెబ్బతింటాయి, నిద్ర పోతుంది, షుగరు అదుపు తప్పుతుంది.

గుండెపోటుకు కారణాలేమిటని సలీం యూసుఫ్ నాయకత్వంలో 52 దేశాల్లో దాదాపు 30 వేల మందిని పరిశీలించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పొగ, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్‌లాంటి వాటి వరసలోనే మానసిక, సామాజిక ఒత్తిళ్లూ నిలిచాయి. జపాన్ వైద్యులు 1990లో ఒక జబ్బును వర్ణించారు. ఆప్తులు పోయిన వార్త వంటిది వినగానే గుండె కింది భాగం సంచిలా ఉబ్బి, కొట్టుకోవడం మందగిస్తుంది. ఆక్టోపస్‌లను పట్టే కుండ ఆకారంలో ఉంటుందని దానికి టాకోత్సుబో అని పేరు పెట్టారు. ఎక్కువగా ముట్లు ఆగిన ఆడవాళ్లలో కనిపిస్తుంది. మన భాషలో గుండె పగిలిందనే మాట ఎప్పటినుంచో ఉంది, దాన్ని వాళ్లు స్కానింగులో చూశారు.

మా మావయ్య దగ్గరికి వస్తాను. స్టెంటు వేశారు. ఇంటికి వచ్చాక డబ్బా నిండా మాత్రలు. మొదటి నెల పలకరించడానికి వచ్చేవాళ్లతో ఇల్లు కిటకిటలాడింది. రెండో నెల నుంచి ఆయన వరండాలో కుర్చీలో కూర్చోవడం మానేసి లోపలి గదికి మారాడు. పేపరు చదవడం మానేశాడు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి పైకప్పు చూస్తూ పడుకునేవాడు. ఇష్టమైన గోంగూర పచ్చడి పెట్టినా రెండు ముద్దలు తిని కంచం నెట్టేసేవాడు. మేమంతా ఒకటే అనుకున్నాం: జబ్బు మనిషి కదా, అలాగే ఉంటాడు. చెకప్‌కి వెళితే గుండె డాక్టరు ఎకో చూశాడు, బీపీ చూశాడు, మాత్రలు మార్చాడు. ఎలా నిద్రపోతున్నారని అడగలేదు, మేమూ చెప్పలేదు. ఆయన పోయాక అలమర సర్దుతుంటే మడతపెట్టిన పంచెల కింద నాలుగు నెలల మాత్రలు దొరికాయి, షీట్లకు షీట్లు, విప్పకుండా. రోజూ వేసుకున్నానని మా అత్తతో చెబుతూ దాచేశాడు. మొదటి పోటు తర్వాత ఏడాదిన్నరకు రెండోది వచ్చింది.

గుండెపోటు వచ్చినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి తీవ్రమైన డిప్రెషన్ వస్తుంది. దాన్ని గుండె రోగి ప్రాణానికి ముప్పు తెచ్చే కారణాల్లో ఒకటిగా లెక్కించాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లోనే చెప్పింది. డిప్రెషన్‌లో ఉన్న మనిషి మందులు వేసుకోడు, నడవడు, మానేసిన సిగరెట్టు మళ్లీ ముట్టిస్తాడు. షుగరు రోగుల సంగతీ ఇదే. షుగరు ఉన్నవాళ్లకు డిప్రెషన్ వచ్చే అవకాశం లేనివాళ్లకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. ఐసీఎంఆర్ సర్వే 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే. వాళ్లలో ఎంతమందిని "మనసు ఎలా ఉంది?" అని అడుగుతున్నారు? షుగరు తగ్గట్లేదని డోసు పెంచే ముందు, ఆ మనిషికి బతుకు మీద ఆశ తగ్గిందేమో చూడాలి కదా.

మీ ఇంట్లో గుండెపోటో, పక్షవాతమో, క్యాన్సరో, టీబీయో వచ్చి కోలుకుంటున్నవాళ్లు ఉంటే వాళ్లను గమనించండి. రెండు వారాలకు మించి దిగులుగా ఉన్నా, ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోయినా, నిద్ర, ఆకలి తప్పినా "జబ్బు మనిషి కదా" అని ఊరుకోవద్దు. అది మొదటి జబ్బుకు నీడ కాదు. వైద్యం ఉన్న మరో జబ్బు.

ఇక రెండో వైపు. మా పిన్ని దగ్గర బట్టల కొట్టువాళ్లిచ్చిన పెద్ద ప్లాస్టిక్ కవరు ఒకటి ఉండేది. అందులో ఆరేళ్ల రిపోర్టులు. రెండు ఎండోస్కోపీలు, మెదడు ఎంఆర్‌ఐ, మూడు పొట్ట స్కానింగులు, లెక్కలేనన్ని రక్తపరీక్షలు. తలనొప్పి, నడుం నొప్పి, కడుపులో మంట, ఒళ్లంతా చీమలు పాకినట్టు. ప్రతి డాక్టరు దగ్గరా కవరు విప్పి ఒక్కో కాగితం బల్ల మీద పరిచేది. ప్రతి డాక్టరూ "అంతా నార్మలమ్మా, మీకేం లేదు" అనేవాడు. ఆ మాట వినగానే ఆమె ముఖం వెలగాలి కదా. వాడిపోయేది. ఏమీ లేకపోతే ఈ నొప్పి ఎక్కడిది? ఇంట్లోవాళ్ల చూపు మారింది. పని తప్పించుకోవడానికి నటిస్తోందన్నారు. ఊళ్లో నరాల బలహీనత అని పసుపు రంగు సెలైన్ బాటిళ్లు పెట్టారు. ఎక్కించిన సాయంత్రం కాస్త తేలికగా ఉండేది, మర్నాటికి మళ్లీ మామూలే.

ఆమెకున్నది డిప్రెషన్. అది ఆమెకు దుఃఖంలా కాక నొప్పిలా తెలిసింది. మన దగ్గర చాలామందికి ఇలాగే తెలుస్తుంది. ఏడవడానికి చోటు లేని ఇంట్లో ఒళ్లే ఏడుస్తుంది. ఆ నొప్పి కల్పన కాదు. బాధను, నొప్పిని మెదడు మోసే దారులు చాలావరకు ఉమ్మడివి. నిద్రలేమి, కుంగుబాటు ఆ దారులను మరింత సున్నితం చేస్తాయి. అందుకే డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులను నరాల నొప్పులకు కూడా వాడతారు. "నీకేం లేదు" అన్నది పిన్ని విషయంలో అబద్ధం. నిజం చెప్పాలంటే "ఈ పరీక్షల్లో కనిపించే జబ్బు లేదు, మీ నొప్పి నిజమే, ఇప్పుడు నిద్ర, మనసు సంగతి మాట్లాడదాం" అనాలి. ఆ మాట అన్న డాక్టరు ఆమెకు ఆరేళ్ల తర్వాత దొరికింది.

నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, పెద్దవాళ్లలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక వ్యాధితో ఉన్నట్టు తేలింది. డిప్రెషన్, ఆందోళన వంటి సాధారణ వ్యాధులున్నవాళ్లలో 85 శాతం మందికి వైద్యమే అందడం లేదు. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. మన దగ్గర లెక్క తీసినా ఇంతకంటే మెరుగ్గా ఉంటుందనుకోవడానికి నాకు ఆధారం కనిపించదు. అయితే ఆ 85 శాతం మంది వైద్యం కోసం వెళ్లలేదని అనుకోకండి. వాళ్లలో ఎంతోమంది మా పిన్నిలా కవరు పట్టుకుని తిరుగుతూనే ఉన్నారు, వేరే జబ్బుకు డబ్బు పోస్తూ.

మనోవ్యాధికి మందు లేదని మనకో సామెత ఉంది. ఈ సామెతను ఇకమీదట ఎవరూ వాడొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. మందు ఉంది. మాటలతో చేసే వైద్యమూ ఉంది. డిప్రెషన్ మందులు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, కాబట్టి పది రోజులకే పనిచేయలేదని మానేయకూడదు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించాలి, ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి. ఇవి అలవాటై బానిసను చేసే మందులు కావు.

బానిసను చేసేవి వేరే ఉన్నాయి, వాటిని మాత్రం మనం పప్పుబెల్లాల్లా మింగుతున్నాం. మందుల షాపుకి వెళ్లి నిద్ర బిళ్ల ఇమ్మంటే షీటు కత్తిరించి అల్ప్రాజోలం చేతిలో పెడుతున్నారు. అది హెచ్1 జాబితాలోని మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు రిజిస్టరులో రాసి మూడేళ్లు ఆ రిజిస్టరును ఉంచాలి. ఆ నిబంధన ఎన్ని షాపుల్లో నడుస్తోందో మీకూ నాకూ తెలుసు. కొన్ని వారాలు రోజూ వేసుకుంటే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది. ఆ తర్వాత ఒక్కసారిగా ఆపితే వణుకు, పిచ్చి భయం, ఫిట్స్ రావచ్చు. ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఇది చదివి ఈ రాత్రికే మానేయకండి. డాక్టరును కలిసి మెల్లగా తగ్గించుకోండి.

తెలంగాణ పల్లెల్లో కల్తీ కల్లు కథ ఇదే. అల్ప్రాజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లకు 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే ఏమైందో చూశాం. పిచ్చిగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో, తమవాళ్లనే గుర్తుపట్టలేని స్థితిలో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వరసకట్టారు. వాళ్లకు దయ్యం పట్టలేదు, మత్తుమందు దిగిపోయింది. సారా, బ్రాందీలకూ ఇదే వర్తిస్తుంది. ఏళ్లుగా రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనిపించి, ప్రాణం పోయే స్థితి రావచ్చు. మానిపించాలని గదిలో పెట్టి తాళం వేసే కుటుంబాలకూ, మాల వేసుకుని ఆ రోజు నుంచే మానేద్దామనుకునే అన్నదమ్ములకూ ఇదొక్కటే విన్నపం: మానడం గొప్ప పని, దాన్ని డాక్టరు సాయంతో మొదలుపెట్టండి. మాల వేసుకునే తేదీకి వారం పది రోజుల ముందే వెళ్లండి.

పెద్దవాళ్ల విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. నిన్నటిదాకా బాగున్న తాతయ్య ఈ రోజు పొద్దున లేచి మనవడిని గుర్తుపట్టడు. చనిపోయిన తమ్ముడితో మాట్లాడతాడు. దుప్పటి లాగుతూ అటూ ఇటూ చూస్తాడు. "పెద్దతనం, చాదస్తం" అంటారు ఒకరు. "గాలి సోకింది" అంటారు ఇంకొకరు. గంటల్లో, రోజుల్లో మతి మారిందంటే అది ముసలితనం కాదు. ఒంట్లో ఎక్కడో నిప్పు అంటుకుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, న్యుమోనియా కావచ్చు, బీపీ మాత్రల వల్ల రక్తంలో సోడియం పడిపోయి ఉండవచ్చు. షుగరు మాత్ర వేసుకుని అన్నం తినకపోవడం వల్ల చక్కెర పడిపోయి ఉండవచ్చు. మూడు వారాల కిందట బాత్రూంలో జారిపడ్డప్పుడు తలలో మొదలైన రక్తస్రావం ఇప్పుడు బయటపడుతూ ఉండవచ్చు. షుగరు ఉన్న మనిషి చెమటలు పట్టి తిక్కతిక్కగా మాట్లాడుతుంటే తాగాడనుకోకండి. మెలకువగా ఉండి మింగగలిగితే వెంటనే పంచదార నీళ్లు పట్టండి, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి చెప్పండి. జ్వరంతో పాటు ప్రవర్తన మారినా, ఫిట్స్ వచ్చినా, ఏ వయసువారినైనా ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి. బాలింతకు కాన్పయిన కొన్ని రోజులకే నిద్ర పూర్తిగా పోయి, పొంతన లేని మాటలు, బిడ్డ మీద వింత అనుమానాలు మొదలైతే అదీ అత్యవసరమే. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకండి.

ఎవరూ పట్టించుకోనివాళ్లు ఇంకొందరున్నారు. ఒకసారి మానసిక రోగి అన్న ముద్ర పడ్డాక ఆ మనిషి ఒళ్లు ఎవరికీ కనబడదు. మా వీధిలో స్కిజోఫ్రెనియాకు మందులు వాడే కుర్రాడొకడు మూడు రోజులు కడుపు నొప్పి అని అరిచాడు. "వాడు ఎప్పుడూ ఏదో ఒకటి అంటాడు" అన్నారు. ఆసుపత్రిలో కూడా చీటీ మీద పాత మందుల పేర్లు చూసి, పొట్ట మీద చెయ్యి వేయకుండానే నిద్రమందు ఇచ్చి పంపారు. నాలుగో రోజు అపెండిక్స్ పగిలింది. తీవ్రమైన మానసిక వ్యాధులున్నవాళ్లు మిగతావాళ్లకంటే 10 నుంచి 20 ఏళ్లు ముందుగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాళ్లలో చాలామందిని బలిగొంటున్నవి మందూ మాకూ ఉన్న మామూలు జబ్బులే: గుండె జబ్బు, షుగరు, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు. కొన్ని మందులు బరువునూ చక్కెరనూ పెంచుతాయి. లిథియం వాడేవాళ్లకు థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు క్రమం తప్పకుండా చేయాలి, రక్తంలో లిథియం ఎంత ఉందో చూడాలి. క్లోజపిన్ వాడేవాళ్లకు మలబద్ధకం ప్రాణాంతకం కావచ్చు. మీ ఇంట్లో ఇలాంటి మందులు వాడేవాళ్లుంటే బరువు, నడుం కొలత, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చివరిసారి ఎప్పుడు చూశారో గుర్తు తెచ్చుకోండి. గుర్తు రాకపోతే ఈ వారమే చేయించండి. మందు మాత్రం సొంతంగా ఆపకండి.

ప్రభుత్వాలను అడగాల్సిందీ ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మామూలు డాక్టరుకు కొద్దిపాటి శిక్షణ ఇస్తే మానసిక వ్యాధులకు అక్కడే వైద్యం చేయవచ్చని 1980లలో నిమ్హాన్స్ మన పక్కనున్న బళ్లారి జిల్లాలో చేసి చూపించింది. దాని ఆధారంగానే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. దాదాపు మూడు దశాబ్దాలైంది. మీ మండల కేంద్రంలోని ఆసుపత్రికి వెళ్లి డిప్రెషన్‌కు మందు ఉందా అని అడిగి చూడండి. బీపీ, షుగరు చూడటానికి ఇంటింటికీ తిరిగే సిబ్బందికి రెండే ప్రశ్నలు నేర్పితే చాలు: ఈ రెండు వారాల్లో ఎక్కువ రోజులు దిగులుగా ఉన్నారా, పనుల మీద ఆసక్తి పోయిందా. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఒంటి జబ్బుకు దక్కే గౌరవం, నాణ్యత, బీమా మనసు జబ్బుకూ దక్కాలని స్పష్టంగా చెప్పింది. బీమా కంపెనీ మానసిక వ్యాధి అని క్లెయిము తిరస్కరిస్తే ఆ చట్టంలోని 21వ సెక్షను చూపించి పోరాడండి.

2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. కుటుంబ సమస్యల తర్వాత ఎక్కువగా రాసిన కారణం అనారోగ్యం, 18.4 శాతం. అందులో ఒంటి జబ్బులూ మనసు జబ్బులూ కలిసే ఉన్నాయి. తగ్గని నొప్పితో ఉన్న మనిషి "ఇంక నావల్ల కాదు", "మీకు భారమైపోయాను" అంటే అది విసుగు మాట అనుకోకండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా, ప్రేమగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ, అడిగితే గుండె బరువు దిగుతుంది. వాళ్లను ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందులు, మిగిలిపోయిన మాత్రలు తాళం వేసిన చోట పెట్టండి, ఆ తాళంచెవి వేరేవాళ్ల దగ్గర ఉంచండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి మీద పోలీసు కేసవుతుందేమోనని ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ఆగొద్దు. తీవ్ర ఒత్తిడిలో చేసిన పనిగా భావించి శిక్షించకూడదని అదే చట్టం చెబుతోంది. టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. రోగే చేయాలని లేదు, ఇంట్లోవాళ్లు చేసినా దారి చెబుతారు.

మా పిన్ని ఇప్పుడు మందులు వాడుతోంది. వారానికోసారి కౌన్సెలర్‌తో మాట్లాడుతోంది. నడుం నొప్పి పూర్తిగా పోలేదు కానీ పొద్దున్నే లేచి ముగ్గు వేస్తోంది. ఆ ప్లాస్టిక్ కవరు ఇంకా పారేయలేదు.

మా అత్త ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద 108, దాని కింద 14416 పెద్ద అంకెలతో రాసి అంటించాం. ఆ రాత్రి మావయ్య సోడా తీసుకున్న ఫ్రిజ్ అదే. మేం ఆయన పోయాక అంటించాం. మీరు ఈ రాత్రి పడుకునేలోపే అంటించండి.